తపాలా దారిని తత్త్వశాస్త్రము



ఇంటిపట్టున నుండి, పొలము పనియో చిన్న యుద్యోగమో చేసికొనుచు, పాఠములను తపాలాలో తెప్పించుకొని చదివి, తత్త్వశాస్త్రమున బి.ఏ. పట్టము నందిన వారొకరు మన యూరికి వచ్చిరనుకొందము. రచ్చబండ మీద రెండు మాటలు తప్పక వినవచ్చును. "ఉత్తరములతో వచ్చినది వానాకాలపు చదువు, అందు సారమేమి యుండును?" అని యొకరందురు. "లెక్కలో చరిత్రమో యైన నట్లు వచ్చునేమో గాని, తత్త్వము గురుముఖమున గాక కాగితము మీద వచ్చునా?" అని వేఱొకరందురు. ఈ రెండు మాటలును ఊరక త్రోసివేయదగినవి కావు. మొదటిది చదువు యొక్క నాణెమును గూర్చిన సందేహము. రెండవది విద్య యొక్క స్వభావమును గూర్చిన సందేహము. నేను పాఠశాలలో నలువది యేండ్లకు దగ్గఱగా పలకలు దిద్దించినవాడను. అంతకు ముందు గురువుల యెదుట చాపమీద కూర్చుండి తర్కసంగ్రహము వల్లించినవాడను. కావున రెండవ సందేహము నాకును సొంతమైనదే. నేడు దానిని చరిత్ర యెదుట నిలిపి విచారింతము.

మొదట నొక మాట. పట్టపరీక్షకు చదువు తత్త్వశాస్త్రము మోక్షమార్గమును బోధించు నుపదేశము కాదు. అది విచారము. ఒక మాట నిజమని మనమెట్లెఱుగుదుము అనునది ప్రమాణవిచారము. ఉన్నదనగా నేమి యనునది సత్తావిచారము. ఏది చేయదగినది, ఏల చేయదగినది యనునది నీతివిచారము. వీనికన్నిటికిని పనిముట్టు తర్కము. ఆంధ్రుడని ప్రసిద్ధుడైన అన్నంభట్టు పదునేడవ శతాబ్దిలో బాలురకై వ్రాసిన తర్కసంగ్రహము నెఱిగిన వారికి ఈ విభాగము క్రొత్త కాదు. పడమటి దేశముల విద్యార్థి దీనితో బాటు ప్లేటో, అరిస్టాటిల్, డేకార్టు, లాకు, బర్క్లీ, హ్యూము, కాంటు మొదలగువారి గ్రంథములను చదివి, వారి వాదములలో బలమును బలహీనతను చూపవలసి యుండును.

తత్త్వమును ఉత్తరములలో చెప్పుట నిన్న మొన్న పుట్టిన యాచారము కాదు. క్రీస్తునకు పూర్వము 341లో పుట్టి 270లో గతించిన ఎపిక్యూరసు అను గ్రీకు పండితుడు ఏథెన్సు నగరపు వెలుపల నొక తోటలో శిష్యులతో నివసించెను. ఆయన శిష్యులు సముద్రము కావల పట్టణములలో గూడ నుండిరి. వారికి ఆయన లేఖలు వ్రాయుచుండెను. వానిలో మూడు నేటికిని నిలిచియున్నవి: ప్రకృతిని గూర్చి హెరొడోటసు అనువానికి, ఆకాశమునందలి వింతలను గూర్చి పైథొక్లీసు అనువానికి, మంచి జీవితమును గూర్చి మెనోషియసు అనువానికి. పిదప మూడు వందల యేండ్లకు రోమునగర పండితుడగు సెనెకా, సిసిలీ ద్వీపమున నధికారిగా నున్న లూసిలియసు అను మిత్రునికి తన కడపటి యేండ్లలో వరుసగా లేఖలు వ్రాసెను. అందు 124 లేఖలు మనకు దక్కినవి. సెనెకా క్రీ.శ. 65లో చక్రవర్తి యాజ్ఞవలన ప్రాణము విడిచెను. ఆయన పాఠశాల యేదియు మిగులలేదు, లేఖలు మిగిలినవి.

మన దేశమునను ఇట్టిది కలదు. ఆచార్య నాగార్జునుడు ఒక శాతవాహన ప్రభువునకు వ్రాసినదిగా పరంపర చెప్పు "సుహృల్లేఖ" యనునది పద్యరూపమైన యుత్తరమే. రాజ్యభారమును మోయువాడు అరణ్యమునకు పోనక్కఱ లేకయే ధర్మము నెట్లు తెలిసికొని నడువవలెనో అందు చెప్పబడినది. దాని సంస్కృత మూలము నశించినది గాని, చీనా టిబెట్టు భాషలలోని యనువాదములు నిలిచినవి. ఏడవ శతాబ్దిలో మన దేశమునకు వచ్చిన ఇత్సింగు అను చీనా యాత్రికుడు దానిని తానును అనువదించి, భారతదేశమున విద్యార్థులు దానిని చిన్ననాటనే కంఠస్థము చేయుదురని వ్రాసెను. శాతవాహనులు మన నేలను ఏలినవారు. కనుక దూరమునుండి తత్త్వము నేర్చుట మనకు పరాయి సంగతి యని చెప్పుటకు వీలు లేదు.

అయినను మన రెండవ సందేహమును ప్రాచీనులే మనకంటె గట్టిగా చెప్పియున్నారు. ప్లేటో వ్రాసిన "ఫీడ్రసు" అను సంవాదములో సోక్రటీసు వ్రాత మీద నొక నేరము మోపును. వ్రాసిన మాట బొమ్మవంటిది. చూచుటకు ప్రాణమున్నట్లు తోచును గాని, ప్రశ్న వేసినచో మాటాడదు. ఎవరి చేతికి పోయినను అదే మాటను మరల మరల చెప్పుచుండును. ఇదియే యాతని వాదము యొక్క సారము. గురుముఖమున వినవలెనని మన పెద్దలు పట్టుబట్టుటకు కారణము గూడ నిదియే. గురువు మాట గొప్పది యగుట వలన మాత్రమే కాదు, శిష్యుడు తికమక పడినపుడు గురువు ఆగి, వేఱు విధమున చెప్పగలడు గనుక.

ఈ నేరమునకు జవాబు పుస్తకము చెప్పలేదు, కాని ఉత్తరము చెప్పగలదు. ఏలయనగా ఉత్తరమునకు ప్రత్యుత్తరము కలదు. దీనికి చక్కని నిదర్శనము పదునేడవ శతాబ్దిలో దొరకును. బొహీమియా రాజ్యము పోగొట్టుకొని హాలెండు దేశమున ప్రవాసమున్న రాజకుటుంబమున ఎలిజబెత్తు అను రాజకుమారి యుండెను. ఆమె 1618లో జన్మించినది. ఆనాడు స్త్రీలకు విశ్వవిద్యాలయముల తలుపులు మూసియుండెను. ఆమె డేకార్టు గ్రంథమును చదివి, 1643 మే నెలలో ఆయనకు ఉత్తరము వ్రాసి యొక ప్రశ్న వేసెను. ఆత్మ యనునది కేవలము తలపు గల వస్తువు, దానికి పొడవు వెడల్పులు లేవని మీరు చెప్పితిరి. అట్టిది చేయిని కాలిని ఎట్లు కదలించును? తాకనిదే యేదియైనను కదలునా? ఆయన సమాధానము వ్రాసెను. ఆమెకు తృప్తి కలుగలేదు. మరల వ్రాసెను. ఆయన మరల వివరించెను. ఈ లేఖలు 1649 వఱకు నడచినవి. నడుమ 1644లో డేకార్టు తన తత్త్వసూత్రముల గ్రంథమును ఆమెకే యంకితము చేసెను. నేటికిని డేకార్టును చదువు ప్రతి విద్యార్థియు ఆ రాజకుమారి ప్రశ్నను చదువవలసినదే. గురువు ముఖము నెదుట లేకున్నను ఆమె యడిగిన ప్రశ్న మొక్కవోలేదు.

అయితే ఆమె రాజకుమారి. సామాన్యునకు ఉత్తరము వ్రాయుటయే భారముగా నున్న దినములవి. చదువు తపాలా వెంట నడువవలెనన్న ముందు తపాలా చౌక కావలెను. ఇంగ్లండున 1840 జనవరిలో దూరముతో నిమిత్తము లేక, ఒక పెన్నీకే యుత్తరమును దేశమంతట చేర్చు నేర్పాటు వచ్చెను. ఆ సంవత్సరముననే ఐజాక్ పిట్మన్ అను ఉపాధ్యాయుడు తాను కనిపెట్టిన సంక్షిప్తలిపిని తపాలా ద్వారా నేర్ప నారంభించెను. శిష్యులు అభ్యాసమును వ్రాసి పంపుదురు. ఆయన దిద్ది తిప్పి పంపును. దిద్ది పంపుట యను నీ చిన్నపనిలోనే తరువాతి దూరవిద్య యంతయు నిమిడియున్నది. మన దేశమున 1854లో తపాలా బిళ్ళలు వచ్చి, దూరమును బట్టి గాక తూనికను బట్టి యొకే వెల ఏర్పడినది. గూడెమునకు గుంటూరునకు నడుమ వ్యత్యాసము పోయినది.

తరువాతి కథ లండను నగరమున నడచినది. ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జి విద్యాలయములలో పట్టము పొందవలెనన్న అంగ్ల మతసంఘపు నియమములకు సమ్మతి తెలుపవలసి యుండెను. పరమతస్థులు, స్వతంత్రభావములు గలవారు వెలుపల నిలిచిపోయిరి. ఈ కొఱతను తీర్చుటకు 1826లో నొక కళాశాలయు, దానికి పోటీగా 1829లో మఱియొకటియు లండనులో వెలసినవి. ఈ రెండింటి విద్యార్థులను పరీక్షించి పట్టములిచ్చుటకు 1836లో లండను విశ్వవిద్యాలయము రాజశాసనముతో నేర్పడెను. అది పాఠము చెప్పునది కాదు, పరీక్షించునది. 1858లో వచ్చిన క్రొత్త రాజశాసనముతో నొక పెద్ద మార్పు జరిగినది. వైద్యశాస్త్రము తప్ప మిగిలిన శాస్త్రములలో పరీక్షకు కూర్చుండువాడు ఏ కళాశాలలో చదివినాడని యడుగుట మానిరి. ఎక్కడనైనను చదువుము, ఎవరి వద్దనైనను చదువుము, ఎవరును లేకున్నను చదువుము. పరీక్షలో తేఱినచో పట్టము నీది. ఇదియే వారి మాట.

దీని ఫలము దూరమునకు ప్రాకినది. గుమాస్తాలు, బడిపంతుళ్ళు, ఓడరేవులలో కొలువు చేయువారు రాత్రివేళ దీపము కడ చదివి పరీక్షలకు పోయిరి. మారిషసు వంటి సముద్రాంతర స్థలములలో గూడ పరీక్షలు జరుపబడినవి. 1878లో ఆ విశ్వవిద్యాలయము ఇంగ్లండు దేశమున నన్నిటికంటె ముందుగా స్త్రీలకు పట్టముల నిచ్చుట కంగీకరించినది. 1880లో నలుగురు స్త్రీలు బి.ఏ. లైరి. 1900 నాటికి ఆ విశ్వవిద్యాలయము తానును పాఠములు చెప్పుట మొదలిడి, లోపలి విద్యార్థులు, వెలుపలి విద్యార్థులు అని రెండు తెగల నేర్పఱచెను. వెలుపలి వారికి పట్టములిచ్చు శాస్త్రములలో తత్త్వశాస్త్రమును చేరినది. రెండవ ప్రపంచ యుద్ధమున జర్మనుల చెఱలో నున్న సైనికులు గూడ ముళ్ళకంచెల నడుమ కూర్చుండి ఆ పరీక్షలు వ్రాసిరి. ఆకలిలోను చలిలోను మనుష్యుడు తన బుద్ధిని నిలుపుకొనుటకు చేసిన ప్రయత్నములలో నిది యొకటి.

మన కథయు దీనితో ముడిపడియున్నది. 1857లో చెన్నపురి, బొంబాయి, కలకత్తాలలో స్థాపించిన విశ్వవిద్యాలయములకు లండనే ఒరవడి. అవియు మొదట పరీక్షించునవియే గాని పాఠములు చెప్పునవి కావు. మన తాతల నాటి మెట్రిక్యులేషను, ఎఫ్.ఏ., బి.ఏ. లన్నియు ఆ మూసలో పోసినవే.

కాని పరీక్ష యొక్కటే చాలునా? 1858 నాటి శాసనము ద్వారము తెఱచినది గాని, దారి చూపలేదు. పుస్తకముల పట్టిక నిచ్చి, తేదీ చెప్పి, తక్కినది నీవే చూచుకొనుమనినచో విద్యార్థి గుడ్డెద్దు చేలో పడినట్లు తిరుగును. ఆ కొఱతను వర్తకులు కనిపెట్టిరి. 1887లో విలియం బ్రిగ్సు అనువాడు ఉత్తరముల ద్వారా లండను పరీక్షలకు సిద్ధము చేయు కళాశాలను స్థాపించెను. తరువాత కథకుడుగా లోకప్రసిద్ధుడైన హెచ్.జి. వెల్సు 1890లో వెలుపలి విద్యార్థిగా లండను బి.ఎస్‌సి. పట్టము నంది, పిదప అక్కడనే జీవశాస్త్రపు ఉపాధ్యాయుడయ్యెను. ఇట్టి కళాశాలలు పలువురకు మేలు చేసినవి. కాని వానిలో కొన్నిట పరీక్షకు వచ్చు ప్రశ్న లేవి, వానికి జవాబు లెవ్వి యనుటయే పాఠమయ్యెను. ఇతర శాస్త్రములలో నిది కొంత నష్టము. తత్త్వశాస్త్రమున నిది సర్వనష్టము. కాంటు ఏమి చెప్పెనో వల్లించువాడు తత్త్వవేత్త కాడు; కాంటు చెప్పినదానిని నేనెందుల కంగీకరింపవలెనని యడుగగలవాడే యా శాస్త్రపు గుమ్మము దాటినవాడు.

విద్యలో నాలవ పాలు గురువు వలన, నాలవ పాలు స్వబుద్ధి వలన, నాలవ పాలు సహాధ్యాయుల వలన, మిగిలిన పాలు కాలక్రమమున వచ్చునని మన పెద్దలు చెప్పుదురు. ఈ కొలమానముతో కొలిచినచో, లండను వెలుపలి విద్యార్థికి స్వబుద్ధి పాలును కాలపు పాలును సమృద్ధిగా దొరికినవి. గురువు పాలు కొంత, సహాధ్యాయుల పాలు మఱి కొంచెమే దొరికినది. తరువాతి నూఱేండ్ల చరిత్ర యంతయు ఈ రెండు పాళ్ళను దూరమున నున్నవానికి చేర్చుట యెట్లు అను ప్రయత్నమే.

ఆ ప్రయత్నములో పెద్దమెట్టు బ్రిటనులోని సార్వత్రిక విశ్వవిద్యాలయము. 1963 సెప్టెంబరులో గ్లాస్గో నగరమున హెరాల్డు విల్సను ఒక యుపన్యాసమున ఆకాశమార్గమున నడచు విశ్వవిద్యాలయమును గూర్చి చెప్పెను. రేడియో, దూరదర్శనము, తపాలా మూడును కలిపి పాఠశాల నడుపవలెనని యాతని తలంపు. ఆతడు ప్రధానమంత్రి యైన పిమ్మట ఆ భారమును జెన్నీ లీ అను మంత్రిణి వహించెను. ఆమె స్కాట్లండులో బొగ్గుగని కార్మికుని బిడ్డ. ఈ విద్యాలయము చౌకబారుదిగా నుండగూడదు, పట్టము విలువలో దేనికిని తీసిపోగూడదు, కాని ప్రవేశమునకు పూర్వపు పరీక్షల నడుగగూడదు అని యామె పట్టుపట్టెను. పరిహాసము చేసినవారు లేకపోలేదు. ప్రతిపక్ష నాయకులలో నొకరు దీనిని వట్టి పిచ్చిమాటయని కొట్టివేసిరి. అయినను 1969లో రాజశాసనము వచ్చెను. 1970లో ప్రభుత్వము మాఱినను క్రొత్త విద్యామంత్రిణి యైన మార్గరెట్టు థాచరు దానిని నిలిపివేయలేదు. 1971 జనవరిలో ఇరువది వేలకు పైబడిన విద్యార్థులతో పాఠములు మొదలైనవి.

అచట తత్త్వశాస్త్రమునకు మొదటి యాచార్యుడు గాడ్‌ఫ్రీ వీసీ. తత్త్వము ఇచ్చట ఇచ్చకు వచ్చిన కొందఱి శాస్త్రముగా మాత్రమే నుండక, సాహిత్యము చరిత్ర మొదలగు వానితో కూడిన మొదటి సంవత్సరపు పాఠములోను భాగమయ్యెను. కార్మికుడైనను గృహిణి యైనను తర్కములో మొదటి పాఠములు చదువవలసినదే. పాఠములు పుస్తకరూపమున తపాలాలో వచ్చును. వేకువను, రాత్రి ప్రొద్దుపోయిన పిదపను బి.బి.సి. ప్రసారములు వచ్చుచుండెను. నియమిత దినములలో విద్యార్థి వ్యాసము వ్రాసి తన కేర్పఱచిన బోధకునికి పంపును. బోధకుడు మార్కు వేయుటతో విడువక అంచులలో ప్రశ్నలు వ్రాసి తిప్పి పంపును. ఊరూర అధ్యయన కేంద్రములలో విద్యార్థులు కలిసికొనుచుండిరి. వేసవిలో కొన్నిదినములు ఒకచోట చేరి వాదోపవాదములు చేయుచుండిరి. గురువు పాలు అంచులలోని ప్రశ్నల వలనను, సహాధ్యాయుల పాలు ఈ కూడికల వలనను చేరినవి. 1973లో మొదటి పట్టభద్రులు వెలువడిరి. బి.బి.సి. లోని రాత్రి పాఠప్రసారములు 2006 డిసెంబరులో ముగిసినవి; వాని స్థానమును అంతర్జాలము గ్రహించినది. వ్యాసము వ్రాయుట, దిద్దుట మాత్రము మాఱలేదు.

ఆ యంచుల ప్రశ్న యెట్టి దని యడుగుదురేమో. ఉదాహరణమునకు, విద్యార్థి యొకడు "అబద్ధమాడుట తప్పు, ఏలయనగా పెద్దలందఱును అట్లు చెప్పిరి" అని వ్రాసెననుకొందము. బోధకుడు అంచున "పెద్దలందఱును అబద్ధమాడవచ్చునని చెప్పియున్నచో అది ఒప్పగునా?" అని వ్రాయును. విద్యార్థి యపుడు చిక్కులో పడును. అగునన్నచో ధర్మము పెద్దల నోటిమాటపై నాధారపడును. కాదన్నచో పెద్దలు చెప్పుట కాక వేఱొక కారణము కలదన్నమాట, దానిని వెదకవలెను. ఒక వాక్యము దిద్దుట వలన నెల్లాళ్ళ యాలోచన పుట్టును. ఇందులకు బోధకుడు ఎదుట కూర్చుండ నక్కఱ లేదు. శ్రద్ధగా చదివిన చాలును. పెద్దలయిన మీ యెదుటనే యీ యుదాహరణము చెప్పితినని కోపింపకుడు. చిన్నవాడు మనలను అట్టి ప్రశ్న యడిగినచో జవాబు చెప్పవలసినవారము మనమే గదా!

తలుపులు మూసిన చోటికి గూడ ఈ విద్య పోగలదనుటకు దక్షిణాఫ్రికా సాక్షి. అచటి విశ్వవిద్యాలయము, లండను మూసలో 1873లో పరీక్షాసంస్థగా పుట్టి, 1946లో ఉత్తరముల ద్వారా పాఠములు చెప్ప నారంభించినది. నెల్సన్ మండేలా చెఱలో నుండి మొదట లండను విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర పరీక్షలకు చదివెను. నడుమ నాలుగేండ్లు అధికారులు ఆయన చదువు హక్కును తీసివేసిరి. తుదకు చెఱలో నుండగనే 1989లో దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర పట్టము నందెను. చదువును శిక్షగా తీసివేయుటయే దాని విలువకు శత్రువులిచ్చిన సాక్ష్యము.

ఇక మన దేశము. డి.ఎస్. కొఠారీ గారి సంఘపు సలహా మీద ఢిల్లీ విశ్వవిద్యాలయము 1962లో ఉత్తరముల ద్వారా బి.ఏ. పాఠములు ప్రారంభించెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1972లో నట్టి శాఖను తెఱచినది. పూర్వము చెప్పిన నాగార్జునాచార్యుని పేర 1976లో వెలసిన విశ్వవిద్యాలయమును పిదప దూరవిద్యను చేపట్టినది. రాజునకు ఉత్తరము వ్రాసిన యాచార్యుని పేరున నున్న సంస్థ సామాన్యులకు ఉత్తరములు పంపుట యుచితమే.

భారతదేశమున నన్నిటికంటె మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము మన తెలుగునేలనే పుట్టినది. 1982 ఆగస్టు 26వ తేదీన, భవనం వెంకట్రామిరెడ్డి గారు ముఖ్యమంత్రిగా నున్న కాలమున, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపితమైనది. మొదటి ఉపాధ్యక్షులు జి. రాంరెడ్డి గారు. చిన్ననాట బడికి పోలేనివారును పదునెనిమిదేండ్లు నిండినచో నొక ప్రవేశపరీక్షలో తేఱి పట్టపు చదువునకు చేరవచ్చునని యీ సంస్థ నియమము చేసెను. తెలుగులోనే పాఠ్యపుస్తకములు వ్రాయించి ముద్రించినది. ఆకాశవాణి మీదను పాఠములు ప్రసారము చేసినది. 1991లో దీనికి డాక్టరు బి.ఆర్. అంబేడ్కరు గారి పేరు పెట్టిరి. 1985లో పార్లమెంటు శాసనముతో ఇందిరాగాంధి జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినపుడు, దానికిని మొదటి ఉపాధ్యక్షులుగా రాంరెడ్డి గారినే కోరుకొనిరి. ఆ జాతీయ సంస్థ తన శాస్త్రములలో తత్త్వశాస్త్రమునకును చోటిచ్చినది.

చరిత్ర యింతవఱకు చెప్పితిని. ఇపుడు మన సందేహముల కడకు మరలుదము. వానాకాలపు చదువు అను మాటకు చరిత్ర యిచ్చు జవాబు స్పష్టము. చదువు దూరమువలన చెడదు, మౌనమువలన చెడును. ప్రశ్నకు జవాబు రాని చదువు గురువు యెదుట నున్నను వానాకాలపు చదువే. డెబ్బదిమంది బాలురు కూర్చున్న తరగతిలో ఒక్కడును ప్రశ్న వేయక గంట గడచిపోవుట నేనెఱుగుదును. గురుముఖము లేక తత్త్వము రాదను మాటకు జవాబు కొంచెము సూక్ష్మము. గురుముఖమున మనము కోరునది ముఖమును కాదు, మాఱు మాటను. దానిని ఉత్తరము తేగలదు. కాని తేదగిన యేర్పాటు లేనిచో పట్టము మాత్రమే వచ్చును, తత్త్వము రాదు. కావున రెండవ సందేహము పూర్తిగా పోలేదు. అది మనము చేయవలసిన పనిగా మాఱినది.

ఆ పనిలో పెద్దలకును భాగము కలదు. మీ యూర నొక కోడలో, రైతుబిడ్డయో, ఉద్యోగము చాలించిన వృద్ధుడో ఇట్టి చదువునకు పూనుకొన్నచో మొదట చూడవలసినది సంస్థకు విశ్వవిద్యాలయ నిధుల సంఘపు గుర్తింపు కలదా యనుట. దూరవిద్యపై విచారణ పూర్వము ఇందిరాగాంధి విశ్వవిద్యాలయమున నొక మండలి చేయుచుండెను. 2013 నుండి ఆ పని నిధుల సంఘమే చేపట్టినది. ఆఱు నెలలలో పట్టము, పరీక్ష లేకయే పట్టము అని చెప్పువారు అరచేతిలో వైకుంఠము చూపువారు. రెండవది, వ్యాసములను దిద్ది తిప్పి పంపుదురా, బోధకునితో మాటాడు దినములు కలవా యని విచారింపవలెను. మూడవది మన చేతిలోనిది. చదువువారికి దినమున కొక గంట నిశ్శబ్దమును ఇంటివారివ్వవలెను. ముఖ్యముగా స్త్రీలు చదువుచున్నపుడు ఈ గంటయే దొరకదు. పుస్తకములు వచ్చి పెట్టెలో పడియుండును, చదువు ఆగిపోవును. దూరవిద్యలో చేరినవారిలో పలువురు నడుమ మానివేయుదురనుట అన్ని దేశములందును కనబడు సంగతి. వారిలో చాలమందికి లోపించినది బుద్ధి కాదు, తోడు.

ఆ తోడు మన రచ్చబండమీద దొరకవచ్చును. తత్త్వము చదువువారిని వారమున కొకమాఱు పిలిచి, ఈ వారము నీ పుస్తకమేమి యన్నదని యడుగుడు. వారు చెప్పినదానికి అడ్డు చెప్పుడు. వాదింపుడు. పురాణశ్రవణమున ధర్మసందేహములు తర్కించిన పెద్దలకు ఇది కష్టమైన పని కాదు. అట్లు చేసినచో సహాధ్యాయుల పాలు ఏ విశ్వవిద్యాలయమును పంపనక్కఱ లేక ఊరిలోనే దొరకును. పట్టము కాగితము తపాలాబంట్రోతు తెచ్చును. దానికి తగిన విచారమును మాత్రము ఊరివారు గూడ కలిసి పెంచవలసినదే.